ముచనేతకి బొప్పాయి ఐసు

పెళ్ళానికి ఒక్కనాడు అరటిపండు ఒలిచి పెట్టని మనిషి, కుక్కకి బొప్పాయి తోలు చెక్కి, గింజలు తీసి, మెత్తగా మెదిపి, ఐసు చేసి పెడుతున్నాడంటే నవ్వాలా, ఏడవాలా? నేను నవ్వాను. గోడకి ఇవతల నిలబడి ఆయనకి వినపడేలాగే నవ్వాను.

ఆయన పేరు మవుంగా. వీధంతా సెకురు అంటుంది, తాత అని. నాకు మాత్రం ఎప్పటికీ టికెట్టాయనే. ముప్ఫై ఏళ్ళు హరారే బస్సుల్లో టికెట్లు తనిఖీ చేశాడు. ఉద్యోగం మానేసి ఆరేళ్ళయినా ఆ నడక పోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, మెడ ముందుకి చాచి, టికెట్టు లేనివాడు ఎక్కడ దొరుకుతాడా అని చూస్తూ నడుస్తాడు. ఖాకీ చొక్కా ఇప్పటికీ ఇస్త్రీ నలగదు. మా గ్లెన్ నోరా పేట పిల్లలు ఆయన ఎదురైతే జేబులు తడుముకుంటారు.

నేను మై గరికాయిని, అంటే గరికాయి వాళ్ళమ్మని. పిల్లాడు పెద్దవాడై వెళ్ళిపోయినా పేరు అదే మిగిలింది. మా గేటు దగ్గర ఫ్రీజిట్లు అమ్ముతాను. సన్నటి ప్లాస్టిక్ గొట్టాల్లో చక్కెర, రంగు, వాసన కలిపిన నీళ్ళు పోసి గడ్డ కట్టిస్తే ఫ్రీజిట్టు. బడి వదలగానే పిల్లలు కొనుక్కుని, మూల కొరికి, చీక్కుంటూ పోతారు. ఆ ఖాళీ గొట్టాలు ఒకటో రెండో గాలికి ఎగిరి టికెట్టాయన వాకిట్లో పడేవి. వాటిని ఏరి, కట్ట కట్టి, తెచ్చి నా గేటుకి వేలాడదీసి వెళ్ళేవాడు. మాటా పలుకూ ఉండదు. నోరు విప్పి నాలుగు తిట్టినా బాగుండేది.

ఆయన భార్య రెజినా అలాంటిది కాదు. మా రెండిళ్ళ మధ్య గోడలో ఒక ఇటుక ఊడిపోయి కంత ఉండేది. ఆ కంతలోంచి ఆవిడ నూరిన వేరుశనగ ముద్ద ఇటు వచ్చేది, నా దగ్గర మిగిలిన ఫ్రీజిట్టు అటు పోయేది. కబుర్లకైతే లెక్కే లేదు.

పన్నెండేళ్ళ కిందట వాళ్ళింటికి గోధుమరంగు కుక్కపిల్ల ఒకటి వచ్చింది. దానికి ముచనేత అని పేరు పెట్టారు. మా షోనా భాషలో 'మీరే అలిసిపోతారు' అని అర్థం.

మా దగ్గర కుక్కకి పేరు ఊరికే పెట్టరు. మొహం మీద అనలేని మాటని కుక్కకి పెట్టి, గుమ్మంలో నిలబడి గట్టిగా పిలుస్తారు. తగలాల్సినవాళ్ళకి తగులుతుంది. ఎవరి మీద పెట్టారని అడగటం మాత్రం ఎక్కడా లేదు. అడిగితే గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టే. 'నా కుక్కని నేను పిలుచుకుంటే నీకేం వచ్చిందమ్మా?' అంటారు, వీధంతా పకపక నవ్వుతుంది. కాబట్టి నేను అడగలేదు. గొట్టాల గొడవ నడుస్తున్న రోజులాయె, ఇంకెవరి మీద పెడతారు? సిమెంటు స్వయంగా కలిపి ఆ కంతలో ఇటుక పెట్టేశాను. ఆ రోజు నుంచి రెజినాతో మాట్లాడితే ఒట్టు.

ఐదేళ్ళకి ఆవిడ మంచాన పడింది. ఒక అక్టోబరు మధ్యాహ్నం గోడ అవతల్నుంచి పిలిచింది. "మై గరికాయీ! నోరంతా మండిపోతోంది. చల్లటిది ఒకటి ఇవ్వవూ?"

విన్నాను. విననట్టు బట్టలు ఆరేసుకున్నాను. కుక్కని అడ్డం పెట్టుకుని తిట్టేవాళ్ళకి నా ఫ్రీజిట్టు కావలసివచ్చిందా? మొగుడున్నాడుగా, తెచ్చిపెట్టమను. ఆ మొగుడు బస్సుల్లో టికెట్లు చూసుకుంటున్నాడు. ఆ నెల తిరక్కుండానే రెజినా పోయింది. నేను వెళ్ళి మా ఆచారం ప్రకారం రాత్రంతా అందరితో కూర్చుని పాటలు పాడాను, పెద్ద కుండలో సద్జా, అదే మొక్కజొన్న పిండి ముద్ద, కలిపాను, చెయ్యాల్సింది చేసి వచ్చాను. ఎవరూ నన్ను వేలెత్తి చూపలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ నవంబరులో అదే టికెట్టాయన మార్జరిన్ డబ్బాలు రెండు పొట్టకి ఆనించుకుని నా గేటు ముందుకు వచ్చి నిలబడ్డాడు. వానలు ఇంకా పడలేదు. రేకులు పెనంలా కాలుతున్నాయి.

"మై గరికాయి, లోపలికి రావచ్చా?"

"టికెట్టుందా?" అన్నాను.

మొహం ముడుచుకుపోయింది, అయినా కదల్లేదు. "కరెంటు రోజుకి నాలుగు గంటలన్నా ఉండటం లేదు. ఇవి గడ్డ కట్టటం లేదు. మీ సోలారు ఫ్రిజ్‌లో కాస్త చోటిస్తే..."

"ఎవరికోసం?"

"కుక్క కోసం."

"పేరు లేదా దానికి?"

ఆయన నేల చూశాడు. "ముచనేత కోసం."

"అబ్బ! పన్నెండేళ్ళుగా గోడ మీంచి వింటున్నాను, ఇవాళ ఎదురుగా విన్నాను. చెవులు చల్లబడ్డాయి."

అప్పుడు జేబులోంచి కాగితం తీశాడు. పశువుల డాక్టరమ్మ కుక్కకి పుచ్చిపోయిన పళ్ళు తొమ్మిది పీకిందట. చిగుళ్ళన్నీ పుళ్ళు. సద్జా ముట్టదు, మాంసం ముట్టదు, గంజి పోస్తే మూతి తిప్పుకుంటుంది. చల్లటిదైతే నాకుతుందట. పుళ్ళు మానేదాకా కాస్తయినా లోపలికి పోకపోతే ముసలి కుక్క దక్కదంది డాక్టరమ్మ. ఇవన్నీ టికెట్టు వెనక రాసిన నియమాలు చదివినట్టు చదివాడు.

మూత తీసి చూశాను. బొప్పాయి, అరటిపండు, టెంక తీసిన మామిడి, పుల్లటి పెరుగు. అంతే. వేలు ముంచి నాకాను.

"ఛీ! ఇదేం ఐసండీ? పథ్యం కూడు. ఉండండి, ఫ్రీజిట్లలో వేసే నా తీపి పొడి చిటికెడు వేస్తాను, కుక్కయినా సరే లొట్టలేసుకుంటూ తింటుంది."

డబ్బా మీద అరచెయ్యి అడ్డం పెట్టేశాడు. "వద్దు! తీపి పొడుల్లో కొన్ని కుక్కకి విషమట. ద్రాక్ష వద్దంది, అవకాడో వద్దంది. చక్కెర కూడా వద్దంది. పండు తీపి చాలంది."

చూడండి వైభోగం! నా పొడి తిని వీధిలో పిల్లలందరూ బతికే ఉన్నారు, ఈయనగారి కుక్కకి మాత్రం విషమట. ఒళ్ళు మండింది.

"చోటిస్తాను సెకురూ. ఒక్కటే షరతు. ముందు దాని పేరు మార్చండి."

ఏదో అనబోయి ఆగాడు. డబ్బాలు ఎత్తుకుని వెళ్ళిపోయాడు. అహంకారం చూశారా? కుక్క చచ్చినా ఫరవాలేదు, నన్ను తిట్టే మాట మాత్రం బతికి ఉండాలి! అనుకున్నాను. ఆ మాట నలుగురు కొనుగోలుదార్లకి చెప్పి నవ్వుకున్నాను కూడా.

రెండు రోజులు గోడ మీంచి ఆ తమాషా చూశాను. డబ్బాల చుట్టూ తడి గోనె చుట్టి, చెట్టు నీడలో పెట్టి, గంటకోసారి మూత తీసి చూస్తాడు. తడి గోనెకి ఐసవుతుందా? గోరువెచ్చటి గుజ్జు వేలితో తీసి కుక్క మూతికి రాస్తే అది మొహం తిప్పేసుకుంటుంది. డొక్కలు లెక్కపెట్టేలా తేలాయి. ఒకప్పుడు బస్సు ఆపి, టికెట్టు పోగొట్టుకున్న గర్భిణిని ఎండలో దించేసిన మనిషి, నేల మీద బాసింపట్టు వేసుకుని కుక్క మూతి తుడుస్తున్నాడు. ఎంత గతి పట్టింది!

మూడో రోజు పొద్దున కొత్త పిలుపు వినపడింది. "తరీరో! తరీరో, ఇటు రా!" తరీరో అంటే ఆశ. కాసేపటికి ఇంకో పేరు, ఆ తర్వాత ఇంకోటి. కుక్క చెవి కూడా కదపలేదు. మధ్యాహ్నం గేటు చప్పుడైంది. ఈసారి చేతుల్లో డబ్బాలు లేవు. చొక్కా ఇస్త్రీ లేదు. అది నేను మొదటిసారి చూడటం.

"పేరు మార్చి చూశాను మై గరికాయి. అది తల ఎత్తటం లేదు. ముసలిది, కొత్తది నేర్చుకోదు."

"అయితే నన్నేం చెయ్యమంటారు?"

"ఒక మాట విని, తర్వాత మీ ఇష్టం. ఆ పేరు మీ మీద పెట్టింది కాదు."

"ఆహా! మరి ఎవరి మీద? చంద్రుడి మీదా?"

"నా మీద."

నా చేతిలో గరిటె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు.

"రెజినా పెట్టింది," అన్నాడు ఆయన. "డ్యూటీ దిగి ఇంటికొస్తే ఇంట్లో కూడా తనిఖీయే. చక్కెర ఎంత తగ్గింది, సబ్బు ఎంత అరిగింది, ఎక్కడికెళ్ళావు, ఎవరితో మాట్లాడావు. తను ఎన్నడూ తిరిగి ఒక్క మాట అనలేదు. ఒకరోజు కుక్కపిల్లని తెచ్చింది. నేను గేటు తీసే సమయానికి గుమ్మంలో నిలబడి దాన్ని పిలిచేది. 'మీరే అలిసిపోతారు.' ఒక్కరోజు తప్పేది కాదు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడిగారా?"

అడగలేదు. ఎలా అడుగుతాను?

"మీరు గోడలో ఇటుక పెట్టిన రోజు ఏడ్చింది," అన్నాడు. "ఎందుకేడుస్తున్నావని నేనూ అడగలేదు. అడిగితే పేరు సంగతి కదపాలి. అప్పుడు తగిలిందని ఒప్పుకోవాలి. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అలిసిపోయాను, మై గరికాయి."

ఆయన్ని ఓదార్చానని ఎవరైనా అనుకుంటే వాళ్ళ తెలివి తెల్లారినట్టే. "డబ్బాలు తెచ్చి అక్కడ పెట్టి వెళ్ళండి," అన్నాను. పాత గుజ్జు వాసన వేస్తుంటే పారబోశాను. ఆయన చెట్టు బొప్పాయే ఇంకోటి కోయించి, గింజ లేకుండా గోకి, నేనే మెదిపాను. పెరుగు కలిపాను. తీపి పొడి డబ్బా కనపడకుండా బల్ల కిందకి తోశాను. ఫ్రిజ్‌లో నా ఫ్రీజిట్లు పక్కకి నెట్టి, అన్నిటికన్నా అడుగున, చలి ఎక్కువుండే చోట పెట్టాను.

మర్నాడు పొద్దున నేనే పట్టుకెళ్ళాను. ఏడేళ్ళ తర్వాత ఆ గేటు దాటటం అదే. కుక్క బొప్పాయి చెట్టు కింద పడి ఉంది. టికెట్టాయన పిలవబోతే "మీరుండండి" అన్నాను.

"ముచనేతా!"

పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా నా నోట రాని మాట. కుక్క చెవులు లేచాయి. తర్వాత తల లేచింది. ముందుకాళ్ళ మీద బలం మోపి లేచి, తూలుకుంటూ నా దగ్గరికే వచ్చింది. డబ్బా నా చేతిలో ఉండగానే నాకటం మొదలుపెట్టింది. కళ్ళు మూసుకుని, ఆగకుండా, అడుగు కనపడేదాకా నాకింది. నోరు మండే ప్రాణికి చల్లటిది దొరికితే ఎలా ఉంటుందో నేను అంత దగ్గర్నుంచి ఎప్పుడూ చూడలేదు.

టికెట్టాయన ఏదో అంటున్నాడు, కృతజ్ఞతలు కాబోలు. నాకు వినాలనిపించలేదు. ఇంటికొచ్చి సుత్తీ ఉలీ తీసుకుని గోడ దగ్గర కూర్చున్నాను. రోజుకి రెండు డబ్బాలు అటు పంపాలాయె, గేటు చుట్టూ ఎవరు తిరుగుతారు? బడి వదిలారు, పిల్లలు ఫ్రీజిట్ల కోసం గేటు బాదుతున్నారు, నేను ఇటుకని కొడుతూనే ఉన్నాను. ఆ సిమెంటు నేను కలిపిందే, గట్టిగా కలిపాను. పొద్దు గుంకేదాకా కొట్టాను, ఊడి రాలేదు.