మెట్టతామరల మడి

చిల్పూర్ దగ్గర మేం ఇల్లు కట్టుకున్నది పొలం గట్టున. స్నానాల నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు, సెప్టిక్ ట్యాంకు నిండి పొర్లిన నీళ్లు అన్నీ ఒకే పైపులో పోయి కింది మడిలో పడేవి. ఆ మడి పక్కింటి అక్కది. భర్త పోయాక ఆ కాస్త పొలాన్నీ ఆమె ఒక్కతే సాగు చేసుకుంటోంది.

ఒక వానాకాలం ఆ మూల వరి మిగతా చేనుకంటే ముదురు పచ్చతో నల్లగా, ఏపుగా పెరిగింది. చూసినవాళ్లంతా బాగుందన్నారు. వెన్ను తీశాక మూల మొత్తం నేలమీద పడిపోయింది. అక్క ఒక వెన్ను తెంపుకొచ్చి మా వాకిట్లో నా అరచేతిలో నలిపింది. అంతా తాలే.

"మీ ఇంటి నీళ్లే చెల్లె. బలం ఎక్కువై పండుకున్నది."

"నీళ్లల్ల బలముంటే మంచిదే గదా అక్కా," అన్నాడు మా ఆయన.

"గడ్డి పెరిగింది తమ్మీ. గింజలేవి? నేనేం తినాలె?"

ఆమె అరవలేదు. అందుకే నాకు మరింత కష్టంగా అనిపించింది.

మా చెల్లెలు భూపాలపల్లిలో ఒక హాస్టల్ వార్డెన్. ఆ హాస్టల్ వెనక కంకర నింపిన గుంతలో మెట్టతామరలు పూయడం, వాడిన నీళ్లు అందులోంచి తేటగా రావడం నేను చూశాను. అలాంటిదే మా పెరట్లో తవ్వించాం. అడుగున ప్లాస్టిక్ పట్టా పరిచి, కంకర పోసి, చెల్లెలు పంపిన దుంపలు నాటాం. మొక్కలు నిలదొక్కుకునేసరికి మురుగు వాసన పోయింది. నేను మురిసిపోయాను.

యాసంగి పంటప్పుడు అక్క పొలానికి పిలిచింది. ఆ మూల మళ్లీ నల్లబడింది. ఆ రాత్రే చెల్లెలికి చెప్పాను.

చెల్లెలు అక్కడి సైన్స్ టీచర్‌ను అడిగి ఫోన్ చేసింది. "అక్కా, మీ గుంతల గాలి మంచిగ ఆడుతున్నది, అందుకే వాసన పోయింది. కానీ పైరును ఏపుగ పెంచే నత్రజని పోలే, రూపం మారిందంతే. ఆ నీళ్లు గాలి తగలకుంట ఇంకో గుంతల నిలవాలె. అప్పుడు సూక్ష్మజీవులు దాన్ని గాలిల కలుపుతయట."

పెరట్లో ఇంక జాగా లేదు. ఆ సంగతి చెప్పడానికి సిగ్గుపడుతూనే అక్క దగ్గరికి వెళ్లాను. ఆమె కలుపు తీస్తూ విన్నది.

"అయితే గీడ తవ్వుండ్రి," అంది, ఆ మూలనే చూపిస్తూ.

"నీ భూమిల ఎట్ల తవ్వుతం అక్కా?"

"పండని మూల పెట్టుకొని నేనేం జేస్త? మిగతా చేనన్న దక్కుతది."

కోతలయ్యాక మా ఆయనే గడ్డపార పట్టాడు. నీళ్లు ఎప్పుడూ కంకర లోపలే నిండి ఉండేలా బయటికి పోయే పైపు ఎత్తుగా పెట్టాం. సూక్ష్మజీవులకు మేత కావాలని చెల్లెలు చెబితే, పక్కింటి అక్క వరిగడ్డి నరికి తెచ్చి వేసింది. మహబూబాబాద్ చుట్టాలింటికి పోయినప్పుడు అక్కడి కుంటలోంచి నేను జమ్ము పీకి తెచ్చి నాటాను.

తర్వాతి వానాకాలం రోజూ గట్టు మీద నిలబడి వరి రంగు చూసేదాన్ని. ఒక పొద్దున అక్క గుంత పక్కనే యూరియా చల్లుతూ కనిపించింది.

"ఏందక్కా, గీడ గూడ సల్లుతున్నవా?"

"సల్లకుంటె ఎట్ల? మీ నీళ్లల్ల ఇప్పుడేం లేదాయె! పైరు పసుపువడ్డది," అని కసురుతున్నట్టే అని నవ్వేసింది. నాకూ నవ్వాగలేదు.

కోత మిషన్ వచ్చేదాకా వరి నిలబడే ఉంది. ఆ సాయంత్రం ఆమె గుంత పైపు కింద కాళ్లు కడుక్కుని, మా ఇంట్లో చాయ్ తాగి పోయింది.