పాలరాతి అక్కదేవతలు

మా పై ఫ్లాట్‌లో ఉండే గుంటూరు డాక్టరును మేమంతా అక్కయ్య అనేవాళ్ళం. ఏ పనికైనా ముందు మొక్కుకోవడం ఆమె అలవాటు. కారు స్టార్ట్ కాకపోతే మెకానిక్కును కూడా దేవుడి తర్వాతే పిలిచేది.

ఎనభైల మొదట్లో ఒహాయోలోని మా ఊళ్ళో గుడి లేదు. రెండుసార్లు తప్పిన డాక్టరు లైసెన్సు పరీక్షను అక్కయ్య మూడోసారి రాయబోతోంది. ఈసారీ తప్పితే ఆస్పత్రి వాళ్ళు ఉంచుకోరు.

మనసు కాస్త మళ్ళుతుందని ఆమెను మ్యూజియానికి తీసుకెళ్ళాను. అక్కడ గోడకు పాతకాలపు గ్రీకు పాలరాతి పలక ఒకటి ఉంది. ముగ్గురు వనదేవతలు చేతులు పట్టుకుని నడుస్తున్నారు. పక్కన మేకకాళ్ళ దేవుడొకడు పిల్లనగ్రోవి ఊదుతున్నాడు. అక్కయ్య చెప్పులు విడిచింది.

"అక్కదేవతలురా. ఆయన వాళ్ళ తమ్ముడు పోతురాజు."

"వీళ్ళు గ్రీకువాళ్ళక్కయ్యా."

"అయితే? గ్రీకువాళ్ళకి అక్కచెల్లెళ్ళుండరా?"

పాసైతే కోడినిస్తానని అక్కడికక్కడే మొక్కేసింది. చూయింగ్ గమ్ కూడా లోపలికి రానివ్వరని నేను గుర్తుచేయలేదు.

పాసైంది. ఇక మొక్కు తీరేదాకా నిద్రపట్టదంది. చివరికి కోడికూర వండి తెచ్చి, ఆ గదికి కాపలా ఉండే ముసలి గార్డుకు, పరీక్ష పాసైన మొక్కని చెప్పి, లంచ్ టైములో బయట మెట్ల మీద వడ్డించింది. అమ్మవార్లను కనిపెట్టుకుని ఉండేవాడు తింటే అమ్మవార్లు తిన్నట్టేనట. ఆయన కళ్ళు తుడుచుకుంటూ, ముక్కు చీదుకుంటూ గిన్నె ఖాళీ చేశాడు.

ఆ తర్వాత మేం ఎప్పుడు వెళ్ళినా ఆ గార్డు చాలా మర్యాదగా అడిగేవాడు.

"డాక్టర్, ఇంకేమైనా పరీక్షలు రాస్తున్నారా?"