ఎవరూ రాని పరుపుల కొట్టు

పరుపులు అమ్మే ఇంటికి కోడలిగా వెళ్తూ వెంట పరుపు పట్టుకెళ్ళినదాన్ని నేను. అది మా నాన్న నిర్వాకం. పరుపు వద్దని ఆయనకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినే రకం కాదు. ఎర్రుపాలెం నుంచి వచ్చిన లారీలోంచి మంచం, బీరువాలతో పాటు ప్లాస్టిక్ కవరు కూడా విప్పని ఫోమ్ పరుపు దిగేసరికి మా అత్తగారి వీధి వీధంతా నవ్వింది. మా అత్త మాత్రం వేలితో ఒకసారి నొక్కి చూసి, మెత్తగానే ఉంది పాపం, అని ఊరుకుంది. ఆ పాపం అన్న మాట నాకు చాలా రోజులు అరగలేదు.

చేతుల్లోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. మా అత్తగారి ఊరు ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉంటుంది. కొట్టు రోడ్డు మీదే. మా పుట్టింటి వైపు కొట్టు అంటాం, ఇక్కడివాళ్ళు దుకాణం అంటారు. ముందు గదిలో చుట్టచుట్టిన పరుపులు, అటక దాకా దిండ్లు. దాని వెనక ఎప్పుడూ గొళ్ళెం పెట్టి ఉండే ఇంకో గది. ఆ వెనక మేముండే ఇల్లు. మామగారు నేను రాకముందే పోయారు. అత్త, మా ఆయన, నేను, అంతే.

పొద్దున్నే మా ఆయన షట్టరెత్తి సైకిలెక్కి ఏ ఊరికో వెళ్ళిపోయేవాడు. అత్త ప్రార్థన ముగించుకుని గుమ్మం పక్కన కుర్చీలో కూర్చునేది. నేను వంట ముగించి వచ్చి ఆమె పక్కన కూర్చునేదాన్ని. ఇద్దరం కలిసి రోడ్డును చూసేవాళ్ళం. కిరాణా కొట్లో జనం, మందుల షాపులో జనం, ఎదురుగా చెప్పులు కుట్టే ఆయన దగ్గర కూడా ఎవరో ఒకరు. మా కొట్టు మెట్ల మీద మాత్రం ఒక కుక్క పడుకునేది. అదీ నీడ కోసమే.

మధ్యాహ్నమయ్యేసరికి ఆ కొట్టులో ఏదో మత్తు ఉండేది. భద్రాచలం బస్సులు పోతుంటే పరుపుల మధ్యకు వచ్చేసరికి వాటి చప్పుడు కూడా మెత్తబడిపోయేది. ఎక్కడినుంచో ఒక దూది పింజ లేచి, ఎండ పడిన చోట కాసేపు ఆగి, ఎటు పోవాలో తేల్చుకోలేక అక్కడక్కడే తిరిగేది. దాన్ని చూస్తూ చూస్తూ నేనూ ఒక పరుపు మీద ఒరిగిపోయేదాన్ని. లేచేసరికి ఏ పూటో, ఏ ఊరో ఒక నిమిషం తెలిసేది కాదు. గుర్తొచ్చాక ఒళ్ళు మండిపోయేది. ఈగలు తోలుకునే కొట్టును చూసి నన్నిక్కడిచ్చారా దేవుడా అనుకునేదాన్ని.

ఊళ్ళో వాళ్ళూ ఊరికే ఉండలేదు. కొనేవాళ్ళు లేకుండా దుకాణం ఇన్నేళ్ళు ఎట్లా నడుస్తుందని రకరకాలుగా చెప్పుకునేవాళ్ళు. టేకు దుంగలు దాటిస్తారని కొందరు, మా మామగారికి లంకెబిందెలు దొరికాయని కొందరు. లంకెబిందెల మాట నిజమైతే బాగుండునని నేను కూడా లోపల్లోపల ఆశపడ్డాను. మా ఆయన్ను అడిగితే నవ్వేవాడు. ఇన్నేండ్లు బతకలేదా, ఇప్పుడు బతకమా, అనేవాడు. అది జవాబా?

జవాబు ఎండల్లో దొరికింది. ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం దాటగానే బూరుగు చెట్ల మీది ఎర్రపూలు పోయి కాయలొస్తాయి. అవి పగిలి గాలికి పోకముందే అడవిలోని కోయ గూడేల వాళ్ళు కోసి, ఎండబెట్టి, దూది తీస్తారు. ఒకరోజు తెల్లవారుతూనే పెరటి వైపు తలుపు చప్పుడైంది. తెరిస్తే నలుగురైదుగురు ఆడవాళ్ళు, నెత్తిన మూటలతో. అత్త వాళ్ళకు మంచినీళ్ళిచ్చి, మూటలందుకుని, పిల్లల గురించీ మేకల గురించీ అడిగి పంపేసింది. ఒక్క పైసా ఇవ్వలేదు. ఇదేం అన్యాయం అత్తయ్యా అన్నాను, నోరు ఊరుకోక. అత్త వెళ్ళి ఆ వెనక గది గొళ్ళెం తీసింది.

గది నిండా మూటలే. నేల నుంచి పైకప్పు దాకా. ఒకదానికి చీర అంచు కట్టి ఉంది, ఒకదానికి లుంగీ పేలిక, ఇంకోదానికి ఎండిన తీగ. ఎవరి మూట ఏదో అత్తకు తెలుసు. ఒక పరుపుకు సరిపడా బూరుగు దూది ఏరాలంటే ఒక ఎండాకాలం చాలదు. ఆకుల కప్పు ఇళ్ళలో దాస్తే ఎలుకలు, చెమ్మ, ఒక్క నిప్పురవ్వ పడితే అంతా బుగ్గి. అందుకని ఏటేటా ఏరినంత తెచ్చి మా దగ్గర పెట్టిపోతారు. పరుపుకు చాలినంత అయ్యాక, ఇంట్లో పెళ్ళికో పురుటికో అవసరం పడ్డాక, మా ఆయన వాళ్ళ మూట వాళ్ళ గూడేనికి తీసుకెళ్ళి వాళ్ళ వాకిట్లోనే నింపి కుట్టి ఇస్తాడు. కొట్టులో నింపితే ఒప్పుకోరు. అది తమ దూదేనని వాళ్ళు కళ్ళతో చూసుకోవాలి. కూలి కింద కొంత దూది మాకు వదులుతారు. భద్రాచలం లాడ్జిల్లో యాత్రికులు తల పెట్టుకునే దిండ్లన్నీ ఆ కూలి దూదివే. కొట్టు సొంతది, కిరాయి లేదు. దూది కుళ్ళేది కాదు, పాచిపోయేది కాదు. ముందు గదికి ఎవరూ రాకపోయినా ఇల్లు గడిచిపోతుంది.

ఇదంతా తెలిస్తే నేను మారిపోయాననుకుంటున్నారేమో. లేదు. నా పట్టు నాదే. కూరలో దూది, తల్లో దూది, నిద్రలో తుమ్ములు. పైగా జనం ఫోమ్ పరుపులకు మరిగారు, ఈ పని ఎన్నాళ్ళుంటుందో తెలియదు. మా అన్న ఖమ్మంలో ఒక పెద్ద ఫర్నిచర్ షోరూంలో మా ఆయనకు ఉద్యోగం చూశాడు. నెల జీతం, ఆదివారం సెలవు, కుళాయి నీళ్ళు. నాకు ఆ ఖమ్మం కలలోకి కూడా వచ్చేది. రోజూ మా ఆయన చెవిలో పోరగా పోరగా, ఒక ఏడాది గడిచాక సరేనన్నాడు. ఈ వానలు పడేలోపు దుకాణం మూసేద్దామని మాటిచ్చాడు. అత్తకు చెప్పాం. ఆమె వెళ్ళి వెనక గదిలో మూటలన్నీ ఒకసారి చేత్తో తడిమి వచ్చింది.

"ఎవల మూట వాళ్ళకు ముట్టజెప్పాలె," అంది. "ఒక్క మూట లోపలున్నా నేను షట్టర్ దించనియ్య."

అంతేగదా అనుకున్నాను. ట్రాలీ ఆటో ఒకటి కిరాయికి మాట్లాడుకుని, రోజుకు ఒక దిక్కున బయలుదేరాం. మూటలు పేర్చిన ఆటోలో వాటి మధ్యే నేను కూర్చునేదాన్ని. ఆకురాలిన టేకు చెట్లు, ఇప్పపూల వాసన, ఎర్రదుమ్ము. ఎండకు కళ్ళు మూతలు పడుతుంటే, మూటలతో పాటు నేను కూడా కొంచెం పైకి లేచి తేలిపోతున్నట్టుండేది. గూడెం రాగానే మా ఆయన మూట దించి నేల చూపులు చూస్తూ నిలబడేవాడు. కొట్టు మూసేస్తున్నామని చెప్పే పని నాది. చెప్పేదాన్ని. కొందరు తలూపి తీసుకున్నారు. కొందరికి అర్థం కాక, మూట తడిసిందా, ఎలుక కొట్టిందా అని అడిగారు. ఒక ముసలాయన తమ వల్ల ఏం తప్పు జరిగిందని మా ఆయన్నే అడిగాడు. కోయ భాషలో ఇంకేదో కూడా అన్నాడు గానీ అది నాకు తెలియలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆటో తేలికైపోయేది. నేను మాత్రం అనుకున్నంత సంతోషంగా లేను.

చివరికి ఒకే ఒక్క మూట మిగిలింది. పెద్దది. దాన్ని తెచ్చిన మనిషిని కిందటి ఎండల్లో పెరటి తలుపు దగ్గర చూశాను, ఎత్తుగా, మాట తక్కువగా ఉండే ఆడమనిషి. ఆమె భర్త తాటిచెట్టు మీంచి పడి నడుం విరిగి ఏళ్ళ తరబడి నులక మంచంలోనే ఉన్నాడని, వీపంతా పుళ్ళని, అతని కోసమే ఈ దూది ఏరుతోందని మా ఆయన చెప్పాడు. ఈ ఎండల్లో ఆమె రాలేదు. అయినా పరుపుకు చాలినంత ఉంది. ఇది వాపస్ ఇచ్చేది కాదు, నింపి ఇచ్చేది, అంటూ గీతల గుడ్డ, దబ్బనం, పాత దోమతెర ఆటోలో పెట్టుకున్నాడు. కుట్టే చివరి పరుపు కదా అని నేనూ కాదనలేదు.

వెళ్ళేసరికి ఆమె పందిరి కింద ఒక్కతే కూర్చుని ఉంది. మంచం కనిపించలేదు. బూరుగు పూలు రాలే రోజుల్లో పోయిండు, అని ఆమె మామూలుగా చెప్పింది. మా ఆయన భుజాన మూటతో అట్లాగే నిలబడిపోయాడు.  

"నింపు తమ్మీ," అంది ఆమె.

పక్కింట్లోంచి ఆమె మరిది వచ్చాడు. పోయినవాడి కోసం దాచిన దూది ఇంట్లో ఉంచకూడదన్నాడు. తన అన్న వాడిన వస్తువులన్నీ, మంచంతో సహా, పూడ్చిన చోట వదిలేసి వచ్చామని, ఇది కూడా అక్కడికే పోవాలని మెల్లగానే, గౌరవంగానే చెప్పాడు. ఆమె అతని మాట పూర్తిగా విన్నది.

"గిది ఆయనదెట్లయితది? ఒక్కపూటన్న దీని మీద పండుకోలే. ఏరింది నేను, మోసింది నేను. నేను పండుకుంట."

మరిది పక్కకు జరిగి చోటిచ్చాడు. మా ఆయన పందిరి గుంజలకు దోమతెర కట్టాడు. బూరుగు దూదికి ఏ కాస్త గాలి తగిలినా చేతికి చిక్కదు, అందుకని తెర లోపల కూర్చుని కర్రతో కొడతారు. అంతవరకూ నేను ఆ పని దగ్గరికి పోలేదు. ఆ రోజు ఎందుకో కొంగు ముక్కుకు కట్టుకుని నేనూ లోపలికి దూరాను. కర్ర పడుతుంటే దూది లేచింది. కాసేపటికి మా ఆయన కూడా సరిగా కనిపించలేదు. గింజలు టపటపా కింద పడుతున్న చప్పుడు, బయట ఎక్కడో కోడి, తెల్లటి గాలి. పగటిపూట మేలుకుని ఉండే కలగనడమంటే అదేనేమో. నా చేతులు వాటంతటవే దూదిని గుడ్డలోకి కూరుతూనే ఉన్నాయి.

కుట్టడం అయ్యాక ఆమె పరుపును పందిరి నీడలో పరిచి, ఎవరినీ చూడకుండా దాని మీద పడుకుంది. కాళ్ళు ముందు దగ్గరికి లాక్కుని, తర్వాత నెమ్మదిగా చాపింది. అంతే, నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుంది. అన్నేళ్ళూ రాత్రిళ్ళు లేచి లేచి అతన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టిన మనిషి. నేల మీద, మంచం కోడు పక్కన పడుకున్న మనిషి. మరిది గుంజకు ఆనుకుని గొంతుక్కూర్చుని కాసేపు చూశాడు. కోళ్ళు అటువైపు వస్తుంటే, చప్పుడు చేయకుండా చేత్తో అదిలించాడు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా.

వెళ్ళిపోవచ్చు. కానీ ఆమెకు కొట్టు మూసే సంగతి చెప్పలేదు. చెప్పకపోతే వచ్చే ఏడు మూట నెత్తిన పెట్టుకుని మూసిన తలుపు దాకా నడిచి వస్తుంది. లేపడానికి ఇద్దరికీ మనసొప్పలేదు. చెట్టు కింద కూర్చున్నాం. నేను ఎలా చెప్పాలో మాటలు కూర్చుకుంటూ కూర్చుకుంటూ నిద్రలోకి జారాను. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి పందిరి నీడ వాకిలి దాటిపోయింది. ఆమె లేచి మొహం కడుక్కుంటోంది.

మమ్మల్ని చూసి ఇంకా పోలేదా అన్నట్టు నవ్వింది. లోపలికి వెళ్ళి ఒక చిన్న మూట తెచ్చింది. మా ఆయనకు కాకుండా తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"ఆయన పోయినంక చేతులు ఊకుంటలేవు చెల్లె. ఈయేడు గింతే ఏరిన. మా బిడ్డ పరుపుకు ఇది. చిన్నపిల్ల ఇంకా. పెద్దగయ్యేదాక మీ తాన ఉండనియ్యి."

మా ఆయన నా వైపు చూశాడు. చెప్పవలసిన మాటలన్నీ వరసగా నా నాలుక మీదే ఉన్నాయి, అన్ని గూడేల్లో చెప్పిన మాటలే. ఆమె మూట నా రెండు చేతుల్లో పెట్టింది. బరువే లేదు.

"వచ్చే ఎండల్లో ఇంకొంచెం తీసుకురా అక్కా," అన్నాను.