మల్లెపొద పక్కన పూడ్చిన కుండ

మా పక్కింటి ఖాలా పోయిన శుక్రవారం జమ్మలమడుగులో కూతురింట కన్నుమూసింది. ఆ కబురు ఫోనులో విన్నప్పుడు నేను పులివెందులలో మా ఆడపడుచు ఇంట్లో ఉన్నాను. ఏడుపు రాకముందే వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నాను. ఆమె మల్లెపొద దగ్గరి కుండలో నేను నీళ్ళు పోసి ఎనిమిది రోజులైంది.

ప్రొద్దుటూరులో మా రెండిళ్ళకూ గోడ ఒకటే. మా అమ్మకు తోడబుట్టకపోయినా నాకు పిన్నమ్మ లాంటిది కాబట్టి, ఆమె చెల్లెలి పిల్లలు పిలిచినట్టే నేనూ ఖాలా అనేదాన్ని. ఎండాకాలం మధ్యాహ్నం నేను పైపు పట్టుకుని మొక్కలు తడుపుతుంటే గోడ మీదుగా తొంగిచూసేది.

"మొక్కకు తాపుతాండావా, ఎండకు తాపుతాండావామ్మే?"

ఆమె పద్ధతి వేరు. మొక్క పక్కన మట్టికుండను మెడదాకా పూడ్చి, నీళ్ళు నింపి మూత పెట్టేది. కుండ ఊరినంత నీరే వేర్లకు అందేది. బియ్యం కడిగిన నీళ్ళు మాత్రం అందులో పోయనిచ్చేది కాదు. ఆ జిగురుకు కుండ ఊరడం మానేస్తుందట. అవి కరివేపాకు చెట్టుకు పోసేది.

చూసి నేనూ ఒక కుండ తెచ్చాను. ముచ్చటగా ఉంటుందని పెళ్ళికుండలా చుట్టూ రంగు వేసి, చుక్కలు పెట్టి మరీ పూడ్చాను. వారానికి వంగమొక్క వాడిపోయింది, కుండ మాత్రం నిండుగానే ఉంది. ఖాలా మూత తీసి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"కుండకు పెండ్లి చేసినావు గానీ, రంగేసి నోరు మూసినావు. ఇంగ యాడ ఊరుతాది?"

మరునాడు తన పాత కుండ ఒకటి గోడ మీదుగా అందించింది.

రోజూ పొద్దున్నే మూత తీసి కుండలో వేలు ముంచి చూసేది. ఆ తడివేలును కళ్ళకు అద్దుకునేది. గురువారం మల్లెలు దర్గాకు తీసుకుపోయేది. వాటిలో ఒక మూర నాకోసం గోడ మీద ఉండేది.

నెల కిందట ఒంట్లో బాగాలేక కూతురి వెంట పోతూ, ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"నాలుగు దినాలకొక తూరి నింపు. మరిచిపోతావేమో, రాసి పెట్టుకో."

క్యాలెండరు మీద గుర్తులు పెట్టుకున్నాను. ఒక్కటీ తప్పలేదు. తర్వాత, రెండు రోజుల్లో వస్తాను కదా అని పులివెందుల పోయాను. ఆడపడుచు కూతురికి కాన్పు కష్టమై అక్కడే ఉండిపోయాను. ఆరోరోజు ఖాలా ఫోన్ చేసింది. గొంతు బాగా సన్నబడింది.

"కుండ చూసినావామ్మే?"

"చూసినా ఖాలా. నింపినా."

"సల్లగుండు బిడ్డా" అంది. నాతో ఆమె మాట్లాడిన ఆఖరి మాట అదే.

జమ్మలమడుగులో ఆఖరి చూపు చూసుకుని ఇంటికి వచ్చి, నేరుగా ఆమె తాళం తీశాను. మల్లెపొద ఆకులు సగం రాలిపోయాయి. కుండ అడుగున గుక్కెడు నీళ్ళు కూడా లేవు. నిండా పోసి పక్కనే కూర్చున్నాను. ముందు ఎండిన కుండే తాగింది. మళ్ళీ నింపాను. పొద్దు వాలేసరికి మెడ చుట్టూ మట్టి మీద సన్నగా తడి కనిపించింది. పొద చిగురిస్తుందో లేదో నాకు తెలియదు.

మూత తీసి, ఆమెలాగే వేలు ముంచాను. దాన్ని కళ్ళకు అద్దుకోవడానికి చెయ్యి రాలేదు. ఆ తడివేలు ఆరేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాను.