మా అన్నయ్య చూపించని చోటు

మా అన్నయ్య ఎమిలియెన్ నా దగ్గర ఏదీ దాచేవాడు కాదు. పంటినొప్పి దగ్గర్నుంచి పెళ్ళాం అలిగి పుట్టింటికి పోయిన సంగతి దాకా అన్నీ నా వంటింట్లో కూర్చునే చెప్పాడు. ఆ ఒక్క చోటు మాత్రం చెప్పలేదు. నలభై ఏళ్ళు! అడిగినప్పుడల్లా సూప్ గిన్నెలోకి చూసేవాడు.

"ఎక్కడుంటాయన్నయ్యా నీ పుంజులు?"

"పైన."

"పైన దేవుడు కూడా ఉంటాడు."

"ఆయన కంటే కాస్త ఇవతల."

ఫ్రాన్సు తూర్పున మా వోజ్ కొండల్లో అడవిపుంజులుంటాయి. నల్లగా, టర్కీకోడంత ఉంటాయి. ఏప్రిల్లో గట్ల మీద మంచు ఇంకా కరగకముందే, తెల్లవారుజామున అన్నీ ఒకే చోట చేరి తోకలు విప్పి పాడతాయి. పెట్టలు వచ్చి చూస్తాయి. ఏటా అదే చోటు. మనుషుల అలికిడి తగిలితే మాత్రం ఆ చోటు వదిలేస్తాయి. మొదటి ఏడాది అన్నయ్య లెక్కపెట్టినవి పదిహేను. పోయినేడు ఒక్కటి.

అన్నయ్య పద్నాలుగో ఏట నాన్న వెనకాల గొడ్డలి పట్టుకుని అడవిలోకి వెళ్ళాడు, అరవై దాటాక బయటికొచ్చాడు. మధ్యలో రంపానికి రెండు వేళ్ళిచ్చాడు, నడుం సగం ఇచ్చాడు. ఆరేళ్ళ క్రితం వదిన పోయింది. ఆ తర్వాత ఆయన పొద్దున్నే లేవడానికి ఒక కారణమంటూ ఉందంటే ఆ మిగిలిన ఒక్క పుంజే. అది నాకు తెలుసు. తెలిసే చేశాను, అదే నా బాధ.

ఆయన వెళ్ళే పద్ధతి వేరు. కొత్త మంచు పడిన రోజు అడుగు బయట పెట్టడు. రాత్రి చలికి మంచు పైపొర రాయిలా బిగుసుకుంటుంది కదా, ఆ పొర మీదే, అడుగున పళ్ళున్న వెడల్పాటి మంచుచెప్పులు కట్టుకుని ఎక్కుతాడు. గీత కూడా పడదు. తొమ్మిదింటికి ఎండ తగలకముందే దిగిపోవాలి. ఎందుకంటే మంచులో ఒక మనిషి నడిచిన గాడి కనబడితే చాలు, సరదాకి వచ్చిన జనం దాన్నే దారి అనుకుని పట్టుకుపోతారు.

ఈ ఏప్రిల్లో ఆయన మోకాలు మొండికేసింది. ఒకరోజు దిగేసరికి మధ్యాహ్నం పన్నెండు. మెత్తబడిన మంచులో అడుగడుక్కీ దిగబడుతూ, ఎముకల్ని తొలిచే నొప్పితో వచ్చి నా వంటింట్లో కూలబడ్డాడు. కిటికీలోంచి చూశాను. మా ఇంటి వెనక నుంచి ఫర్ చెట్ల మధ్యగా పైకి కాలువ తవ్వినట్టు గాడి.

నాకు ఒళ్ళు మండిపోయింది. "డెబ్భై ఒక్కేళ్ళు నీకు! కాలు విరిగి అక్కడ పడితే ఎక్కడని వెతకను? ఆ చోటేదో చెప్పి ఏడవరాదూ?"

"పడను."

"పడితే?"

"నీకు చెబితే లోయంతా చాటింపు వేసినట్టే, ఓడిల్."

సూప్ తాగి వెళ్ళిపోయాడు. ఆ మాట నా గుండెల్లో ముల్లులా దిగింది. నిజమే, నా నోరు ఊరుకోదు. సరస్సు ఒడ్డున పూటకూళ్ళు నడిపేదాన్ని, నోరు మూసుకుంటే ఎవరొస్తారు? అయినా తోడబుట్టినదాన్ని, అంత మాటంటాడా!

ఆ రాత్రి మంచు మళ్ళీ గడ్డకట్టింది. గాడి సిమెంటు పోసినట్టు గట్టిపడింది. ఆదివారం నాన్సీ పట్నం నుంచి పదకొండు మంది వచ్చారు. కొత్త మంచుచెప్పులు, రంగురంగుల కోట్లు, వెలిగిపోతున్న ఎండ. అందులో ఒకామె అడిగింది: "ఈ దారి ఎక్కడికి పోతుందండీ?"

తెలియదంటే సరిపోయేది. ఎక్కడికీ పోదంటే ఇంకా బావుండేది.

"అది మా అన్నయ్య గాడి," అన్నాను. "నలభై ఏళ్ళుగా పైనేదో నిధి దాచుకున్నాడు మహానుభావుడు. వెళ్ళి చూసిరండి, నాకూ చెబుదురుగాని!"

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

రెండింటికి తిరిగొచ్చారు, బుగ్గలు ఎర్రగా కంది. పండ్ల టార్ట్ తింటూ ఒకరి మాట మీద ఒకరు పడి చెప్పారు. నెత్తి మీంచి పెద్ద నల్ల పక్షి రెక్కలు టపటపలాడిస్తూ లేచిందట. ఫోన్‌లో చూపించారు. కొమ్మల మధ్య నల్లటి మరక. అప్పుడు గానీ నేనేం చేశానో నాకు తెలిసిరాలేదు.

అన్నయ్య మంగళవారం వెళ్ళాడు. గురువారం వెళ్ళాడు. శనివారం మూడోసారి వెళ్ళొచ్చి, నా వంటింట్లో టోపీ తియ్యకుండానే కూర్చున్నాడు.

"లేదు," అన్నాడు. "జనం తొక్కేశారక్కడ. తప్పు నాదే. ఈ దిక్కుమాలిన మోకాలు ఈడ్చుకుంటూ ఎండలో దిగాను, వాళ్ళకి దారి వేసి పెట్టాను."

అరవై ఎనిమిదేళ్ళలో ఎన్నడూ నోరు మూసుకోనిదాన్ని, అప్పుడు మూసుకున్నాను. ఛీ, నా బతుకు! ఆయన తన కాళ్ళను తనే తిట్టుకుంటుంటే బంగాళదుంపల తొక్క తీస్తూ కూర్చున్నాను. వారం రోజులు అంతే. అన్నయ్య గిన్నెలో సూప్ సగం మిగిల్చేవాడు. నాకేమో సగం కూడా దిగేది కాదు.

మళ్ళీ శనివారం సాయంత్రం ఆయనే అడిగాడు. "రేపు పొద్దున్నే వస్తావా పైకి?"

"నేనా?"

"ఇంక దాచడానికేముంది."

తెల్లవారుతుండగా ఎక్కాం. ఆయన ముందు, నేను వెనక. మంచుచెప్పుల పళ్ళు కరకరమంటున్నాయి. కింద సరస్సు మీద మంచు ఒడ్డు వెంబడి విరిగి నీళ్ళు నల్లగా కనిపిస్తున్నాయి. ఆయన పది అడుగులకోసారి ఆగి మోకాలు పట్టుకుంటున్నాడు. ఆగిన ప్రతిసారీ చెబుదామనుకున్నాను, చెప్పలేకపోయాను.

తీరా చూస్తే ఆ చోట ఏమీ లేదు. గట్టు మీద కాస్త చదునైన నేల, ముసలి ఫర్ చెట్లు, మంచులోంచి తలెత్తిన పొదలు. దాని పక్క నుంచి వెళ్ళినా ఎవరూ ఆగి చూడరు. అన్నయ్య మాత్రం పెళ్ళింటి పెద్దలా తిరుగుతూ అన్నీ చూపించాడు. "ఈ కొమ్మ మీదే పెద్దది పాడేది. ముందు సీసా బిరడా తీసినట్టు చప్పుడు, తర్వాత కొడవలి నూరినట్టు. పెట్టలు అదిగో, ఆ పొదల్లో. నేను ఇక్కడ దుప్పటి కప్పుకుని పడుకునేవాణ్ణి." నలభై ఏళ్ళ మాటలూ ఒక్కసారే వస్తున్నాయి. వినలేకపోయాను.

"అన్నయ్యా, వాళ్ళని పంపింది నేనే."

ఆయన ఆగాడు. "గాడి నాది కదా."

"గాడి నీదే. వెళ్ళి చూసిరండని నవ్వుతూ చెప్పింది నేను. నువ్వన్న మాటకి కోపమొచ్చి. పదకొండు మందిని పంపాను."

తిడతాడనుకున్నాను. కొట్టినా పడేదాన్ని. ఆయన పడిపోయిన ఒక మాను మీద కూర్చుని, చేతి తొడుగులు తీసి, మళ్ళీ వేసుకున్నాడు.

"వాళ్ళకి కనిపించిందా?" అని అడిగాడు చివరికి.

"కనిపించింది. నెత్తి మీంచే ఎగిరిందట."

"ఏమన్నారు?"

"జన్మలో అలాంటిది చూడలేదన్నారు. ఒకామె ఏడ్చేసింది."

"ఏడ్చిందా?" ముఖం చిన్నపిల్లాడిలా విప్పారింది. "నేను కూడా ఏడ్చాను, మొదటిసారి. ఇంటికొచ్చాక ఎవరికైనా చెప్పుకోవాలని ఎంత కొట్టుకున్నానో!"

"నాకు చెప్పాల్సింది."

"చెప్పాల్సింది," అన్నాడు. "దాని పాట ఒక్కసారి విని ఉంటే నువ్వు ఎవర్నీ పంపేదానివి కాదు."

అప్పుడు ఏడ్చాడు మా అన్నయ్య, వదిన పోయినప్పుడు కూడా ఏడవనివాడు. నేను పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను. లాక్కోలేదు. క్షమించాను అని కూడా అనలేదు.