నర్సమ్మ డబ్బాలోని రొట్టెముక్కలు

మా చిన్నప్పుడు... మలయా దేశంలో బటాంగ్ బెర్జుంటై దగ్గర మా రబ్బరు తోటలో బియ్యం ఇంటికి ఇచ్చేవారు కాదు. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులకు అందుతుందని, అందరికీ ఒకేచోట వండి పెట్టేవారు. తిండి దాచినట్టు తెలిస్తే పోలీసులు పట్టుకుపోయేవారు.

అలాంటి రోజుల్లో తోట ఆసుపత్రికి ఒక తెల్ల నర్సమ్మ వచ్చింది. యూదుల మనిషట... జర్మనీ నుంచి ప్రాణాలు దక్కించుకుని పారిపోయి వచ్చిందట. తోట గుమాస్తా చెబితే మా మామ్మ నమ్మలేదు.

"దొరలకి ఊరు నేకపోడమేటి?"

"ఊరు సంగతెందుకప్పా... మన గంజిలోకి ఇంకో నోరొచ్చినాది," అంది పక్కింటి అప్పలమ్మత్త.

యుద్ధంలో జపానువాళ్లు ఏలిన కాలంలో కర్రపెండలం తిని బతికినవాళ్లు మరి... కొత్తమనిషిని చూస్తే ముందు అన్నం కుండ గుర్తొచ్చేది.

ఒకరోజు కాలి పుండుకు కట్టు కట్టించుకోవడానికి వెళ్లి, నర్సమ్మ అటు తిరగగానే బల్ల కింది బిస్కట్ల డబ్బా మూత తీశాను. నిండా ఎండిన రొట్టెముక్కలు... ఇంటికొచ్చి గొప్పగా చెప్పేశాను.

"అడివోల్లకే దాస్తంది. గుమాస్తాకి సెప్పీయాల. నేకపోతే మనందర్నీ లాక్కుపోతారు," అంది అత్త.

అప్పుడు భయం వేసింది... నా నోటి మూలంగా ఆమెను పట్టుకుపోతారని.

మామ్మ మంచం కింద నుంచి ఒక గుడ్డమూట లాగి విప్పింది. ఎండబెట్టిన కర్రపెండలం ముక్కలు. జపానువాళ్లు పోయి పదేళ్లయినా ఆవిడ ఇంకా దాస్తోందని మాకెవరికీ తెలియదు.

"నా మాట కూడా సెప్పీ మరి," అంది మామ్మ.

అత్త ఒక ముక్క తీసి వాసన చూసింది. "పురుగట్టీసినాది కదప్పా... దీనికోసం పోలీసోల్లెందుకు," అంది. ఇక గుమాస్తా ఊసెత్తలేదు.

మర్నాడు మామ్మ నన్ను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. డబ్బా వైపు, నా వైపు చూపించి, పిల్లలకు అందకుండా పైన పెట్టమని చేత్తో సైగ చేసింది. నర్సమ్మ ముఖం పాలిపోయింది. మామ్మ కొంగులోంచి ఒక పెండలం ముక్క తీసి ఆమె చేతిలో పెట్టింది. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నెమ్మదిగా నోట్లో వేసుకుంది... ఇద్దరికీ తెలిసిన మాట ఒక్కటీ లేదు.

తర్వాత బడిలో యుద్ధం పాఠంలో యూదుల గురించి నాలుగు వరుసలు చదివాను. రొట్టెముక్కల సంగతి అందులో లేదు.

మెర్డెకా, అదే స్వాతంత్ర్యం, వచ్చాక ఇంట్లో బస్తా బియ్యం ఉంటున్నాయి... దాచాల్సిన పని లేదు. కానీ పరాయిమనిషి రహస్యాన్ని కడుపులో పెట్టుకునేవాళ్లు ఇప్పుడు మన మధ్య ఎంతమంది ఉన్నారో... మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఇలా ఎవరినైనా కాపాడి ఉంటే రాయండి, తెలుసుకోవాలని ఉంది.