రాయని పరీక్షకు కృతజ్ఞత కూడిక

ప్రియ సహోదరీ సహోదరులారా, తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది! రాజోలులో మాది స్టీలు సామాన్ల కొట్టు, బేరమాడకుండా నేను ఊపిరైనా తీసుకోలేదు, దేవుడితోనూ అంతే. తొంభైల చివర్లో మెడిసిన్ మొదటి సంవత్సరంలో, "ప్రభువా, యాభై మార్కులు అడగను, నలభై నువ్వియ్యి, మిగతా పదీ నేను చూసుకుంటాను" అని ప్రార్థించేదాన్ని. అలాంటి నాకు, నెలల తరబడి నిద్ర లేదు, తిండి సహించదు, పుస్తకం తెరిస్తే ఒక్క ముక్క బుర్రకెక్కదు. డాక్టరు కాబోయేదానికి జబ్బేమిటని ఎవరికీ చెప్పలేదు. పరీక్ష రోజు హాలు గుమ్మం దాకా వెళ్లి, లోపలికి అడుగు పెట్టకుండానే వెనక్కి తిరిగాను!

ఇంటికొచ్చాక నాన్నగారు అడిగితే, బాగానే రాశానని చెప్పాను. అంతే! ముందుగా కృతజ్ఞత చెల్లించడమే విశ్వాసమని, ఫలితాలు రాకుండానే పందిరి వేయించి సంఘమంతటినీ భోజనాలకు పిలిచేశారు. కొట్లో ఏ సరుకునూ తిరగేసి చూడనిదే కొనని మనిషి, నా మాటను మాత్రం చూడకుండానే కొన్నారు.

ఆ కృతజ్ఞత కూడిక అయ్యాక ఇక బతకకూడదనుకున్నాను. పాటలయ్యాయి, మా సంఘ కాపరి అయ్యగారు సాక్ష్యం చెప్పమని లేపారు. ఎంత చక్కటి అబద్ధం సిద్ధం చేసుకున్నానో! నోరు మాత్రం, "నేను పరీక్ష రాయలేదండి. నాకు బతకాలని లేదండి" అనేసింది. ఇది నా నోరేనా అని నేనే నివ్వెరపోయాను! గరిటెల చప్పుడు ఆగిపోయింది. దెయ్యం పట్టిందేమోనని మా పెద్దమ్మ గొణిగింది.

నాన్నగారు లేచారు. పరువు తీశానని కొడతారనుకున్నాను.

"అయ్యగారూ, కూడిక ఆపకండి. పిల్ల బతికుందండి. ఇవాళ కృతజ్ఞత దానికే."

మర్నాడు అయ్యగారు ప్రార్థన చేసి, మానసిక వైద్యుడి దగ్గరికి మాతోపాటు బస్సెక్కారు. ఏడాది మందులు వాడాలని డాక్టరుగారంటే, ఆర్నెల్లకి సరిపెట్టమన్నారు నాన్నగారు. డాక్టరుగారు తగ్గలేదు. చివరికి నాన్నగారే "ఆయ్, అలాగేనండి" అన్నారు. చెప్పిన ధరకే ఆయన ఒప్పుకున్న బేరం జీవితంలో అదొక్కటే!

కాలేజీలో ఒక మేడమ్‌గారు సంగతంతా విని, తిట్టకుండా, వారానికోసారి తన గదికి రమ్మన్నారు. మళ్లీ పరీక్షకు నాన్నగారు హాలు గుమ్మం దాకా వచ్చారు. పాసయ్యాను. ఈసారి పందిరేదని సంఘంవాళ్లు అడిగితే, "అది ముందే అయిపోయింది కదండీ" అన్నారు నాన్నగారు.

సహోదరులారా, మీ పిల్లలు బాగానే ఉన్నామంటే ఒక్కసారి పక్కన కూర్చుని అడగండి. మోకరించండి, డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లండి, ఆ రెండు దారుల్లోనూ నడిపించేది ఆయనేనని నమ్మండి. పాసు కాని రోజునే, బేరమాడకుండా నన్ను తన దానిగా చేసుకున్న దేవునికే మహిమ!